హదీసు ప్రామాణికతను పరీక్షించడం ఎలా: ముహద్దిసుల బాటలో మెట్టు మెట్టుగా

"కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయి." "చైనాకు వెళ్లవలసి వచ్చినా సరే, విద్య నేర్చుకోండి." ఈ రెండు మాటలూ దైవప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలుగుగాక) పేరుతోనే మనకు వినిపిస్తుంటాయి. ఉపన్యాసాల్లో, క్యాలెండర్ల మీద, ఫోన్‌లో వచ్చే సందేశాల్లో రెండింటికీ ఒకే గౌరవం దక్కుతోంది. కానీ మొదటిది ఇమామ్ బుఖారీ తన 'సహీహ్' గ్రంథానికి శ్రీకారం చుట్టిన హదీసు (ప్రవక్త మాటను, చేతను తెలిపే ఉల్లేఖన). రెండోదాన్ని ఇమామ్ ఇబ్నె జౌజీ (మరణం క్రీ.శ. 1201) కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. నిజానికి రెండో వాక్యంలో చెడ్డమాట ఒక్కటీ లేదు. ఇస్లాం విద్యను ప్రోత్సహిస్తుందనడంలో సందేహమూ లేదు. అయినా దాన్ని ప్రవక్త (స) నోట పెట్టడానికి పండితులు ఒప్పుకోలేదు. మాట మంచిదైనంత మాత్రాన ఆయన అన్నారని రుజువు కాదన్నది వారి పట్టుదల.

ఈ పట్టుదలకు కారణం ఉంది. "నా పేరుమీద కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలి" అన్న ప్రవక్త (స) హెచ్చరికను అరవై మందికి పైగా ఆయన సహచరులు ఉల్లేఖించారు. ఇంతమంది నుంచి వచ్చినదాన్ని ముతవాతిర్ అంటారు. దాన్ని శంకించే ప్రశ్నే ఉండదు. మిగతా హదీసుల్లో అత్యధిక భాగం అలా రాలేదు. ఒకరిద్దరి ద్వారా, కొద్దిమంది ద్వారా వచ్చాయి. వాటికే ఈ పరిశీలన.

సున్నీ ముహద్దిసుల (హదీసు పండితుల) పద్ధతిని ఇక్కడ పై రెండు వాక్యాలనే ఉదాహరణగా తీసుకుని వివరిస్తున్నాను. ఇది చదివిన వెంటనే ఎవరూ ముహద్దిస్ కాలేరు. అయితే ఒక పండితుడు సహీహ్ (ప్రామాణికం) అనో జయీఫ్ (బలహీనం) అనో అన్నప్పుడు ఆ మాట వెనుక ఏ పని జరిగిందో తెలుస్తుంది. ఎక్కడ ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

మొదటి మెట్టు: మాట ఏ గ్రంథంలో ఉందో పట్టుకోవడం

హదీసుకు రెండు భాగాలు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే పేర్ల వరుస సనద్. ఆ వరుస చివర వచ్చే అసలు మాట మతన్. సనద్ లేని మాటను పరీక్షించే మార్గమే లేదు. కాబట్టి ముందుగా ఆ హదీసును సొంత సనద్‌తో నమోదు చేసిన గ్రంథాన్ని వెతకాలి. బుఖారీ, ముస్లిం, అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాలు, ఇమామ్ మాలిక్ 'ముఅత్తా', ఇమామ్ అహ్మద్ 'ముస్నద్' అలాంటివి. 'రియాజుస్ సాలిహీన్', 'మిష్కాతుల్ మసాబీహ్' ఎంతో ఆదరణ పొందినవే గానీ పూర్తి సనద్ ఇవ్వవు. అవి మూలగ్రంథం పేరు చెప్పి దారి చూపుతాయి.

"బుఖారీలో ఉంది" అని ఎవరైనా అంటే ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఎన్నో హదీసు అని అడగండి. ఇమామ్ బుఖారీ (మరణం హిజ్రీ 256, క్రీ.శ. 870) 'సహీహ్' మాత్రమే రాయలేదు. 'అల్ అదబుల్ ముఫ్రద్', 'అత్ తారీఖుల్ కబీర్' కూడా ఆయనవే. 'సహీహ్'కు పెట్టుకున్న కఠిన నియమాలను ఆయన వాటికి పెట్టుకోలేదు.

తెలుగు అనువాదంలోని మాటలతో వెతికితే హదీసు దొరకదు. అరబీ మూలంలోని అరుదైన పదం ఒకటి పట్టుకోవాలి, లేదా దాన్ని ఉల్లేఖించిన సహచరుడి పేరుతో వెతకాలి. రెండో పద్ధతికి ఇమామ్ మిజ్జీ (మరణం క్రీ.శ. 1341) కూర్చిన 'తుహ్ఫతుల్ అష్రాఫ్' పెద్ద ఆసరా. పైన మొదట చెప్పిన ఆరు గ్రంథాల్లోని సనద్‌లను సహచరుల వారీగా అమర్చిన ఆ సూచికను ముంబయి దగ్గరి భివండీలో అచ్చువేశారు. ఇప్పుడు కంప్యూటర్‌లో 'మక్తబా షామిలా' అనే గ్రంథాల సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఈ వెతుకులాట నిమిషాల్లో తేలుతుంది. తేలికైనది ఈ ఒక్క పని మాత్రమే.

రెండో మెట్టు: పేర్లను విడదీసి మనుషులను గుర్తుపట్టడం

దొరికిన సనద్‌లోని ఒక్కో పేరును ఒక్కో వరుసలో రాసుకోవాలి. సంకల్పాల హదీసుకు బుఖారీ ఇచ్చిన మొదటి సనద్ ఇది:

బుఖారీకి చెప్పినవారు హుమైదీ.
ఆయనకు చెప్పినవారు సుఫ్యాన్.
ఆయనకు చెప్పినవారు యహ్యా ఇబ్నె సయీద్ అన్సారీ.
ఆయనకు తెలిపినవారు ముహమ్మద్ ఇబ్నె ఇబ్రాహీం తైమీ.
ఆయన అల్ఖమా ఇబ్నె వఖ్ఖాస్ లైసీ నోట విన్నారు.
అల్ఖమా, హజ్రత్ ఉమర్ (రజి: దేవుడు ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) మస్జిదు వేదిక అయిన మింబర్ మీద చెబుతుండగా విన్నారు.
ఉమర్ (రజి) దైవప్రవక్త (స) నోట విన్నారు.

ఇక్కడ 'సుఫ్యాన్' ఎవరు? ఆ పేరుతో ఇద్దరు మహా పండితులున్నారు: సుఫ్యాన్ సౌరీ, సుఫ్యాన్ ఇబ్నె ఉయైనా. చిక్కు ఏమిటంటే, ఇద్దరూ యహ్యా అన్సారీ దగ్గర ఈ హదీసు విన్నవారే. ఆయన నుంచి విన్న శిష్యుడిని చూసి తేల్చాలి. హుమైదీ మక్కావాసి, ఇబ్నె ఉయైనాకు ప్రధాన శిష్యుడు. కాబట్టి ఇక్కడ సుఫ్యాన్ అంటే ఇబ్నె ఉయైనా. ఇదే హదీసును బుఖారీ తన గ్రంథంలో 7 చోట్ల ఇచ్చారు. వాటిలో ముహమ్మద్ ఇబ్నె కసీర్ ద్వారా వచ్చినచోట సుఫ్యాన్ అంటే సౌరీ. యహ్యా ఇబ్నె సయీద్ అన్న పేరుకూ ఇదే ఇబ్బంది ఉంది. అన్సారీ హిజ్రీ 143లో మరణించారు. అదే పేరున్న ఖత్తాన్ 198లో మరణించారు. ఇక్కడ బుఖారీ 'అన్సారీ' అని చెప్పారు కాబట్టి సరిపోయింది. చాలాచోట్ల ఆ మాట ఉండదు.

ఈ మెట్టు దగ్గర తొందరపడితే బలహీనుడి స్థానంలో అదే పేరున్న విశ్వసనీయుణ్ని కూర్చోబెట్టేస్తాం. ఆ తర్వాత ఎంత కష్టపడినా తీర్పు తప్పే అవుతుంది.

మూడో మెట్టు: గొలుసు తెగలేదని చూసుకోవడం

ప్రతి ఉల్లేఖకుడూ తన గురువు దగ్గర నిజంగా విన్నారా? ఇందుకు రెండు ఆధారాలు చూస్తారు. ఒకటి కాలం, రెండోది ఆయన వాడిన క్రియ.

కాలం సంగతి సూటిగా ఉంటుంది. "ఉల్లేఖకులు అబద్ధాలను వాడటం మొదలుపెట్టాక మేం వాళ్లమీద తేదీలను వాడాం" అన్నది సుఫ్యాన్ సౌరీ మాట. ఉమర్ ఇబ్నె మూసా అనే వ్యక్తి హిమ్స్ పట్టణానికి వచ్చి "మీ పుణ్యాత్ముడైన పెద్ద చెప్పారు" అంటూ హదీసులు వినిపించసాగాడు. ఎవరా పెద్ద అని ఉఫైర్ ఇబ్నె మఅదాన్ అడిగితే, ఖాలిద్ ఇబ్నె మఅదాన్ అన్నాడు. ఏ సంవత్సరం కలిశావు? హిజ్రీ 108లో. ఎక్కడ? అర్మేనియా దండయాత్రలో. అప్పుడు ఉఫైర్ అన్నారు: "దేవుడికి భయపడు. ఖాలిద్ 104లోనే చనిపోయారు. ఆయన పోయిన నాలుగేళ్లకు కలిశానంటున్నావు. పైగా ఆయన అర్మేనియా యుద్ధానికి వెళ్లనే లేదు. రోమనుల మీదికి వెళ్లేవారు."

క్రియ విషయం ఇంకా సున్నితం. 'హద్దసనా' (మాకు చెప్పారు), 'సమిఅతు' (నేను విన్నాను) అన్నప్పుడు విన్నట్టు స్పష్టంగా ఒప్పుకున్నట్టే. 'అన్' (ఫలానా వారి నుంచి) అని మాత్రమే అంటే నేరుగా విన్నారో, మధ్యలో ఒకరున్నారో చెప్పలేం. నిజాయితీపరులైన ఉల్లేఖకుల్లోనే కొందరికి మధ్య మనిషిని చెప్పకుండా 'అన్' అని దాటవేసే అలవాటుంది. దీన్ని తద్లీస్ అంటారు, అలా చేసేవారిని ముదల్లిస్ అంటారు. ముదల్లిస్ 'విన్నాను' అంటే తీసుకుంటారు. 'అన్' అంటే ఆగుతారు. అందరి తద్లీస్ ఒకే తీరుది కాదు కాబట్టి ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం క్రీ.శ. 1449) ముదల్లిసులను ఐదు తరగతులుగా విడదీశారు.

ఈ అలవాటును ఎలా ఎదుర్కొన్నారో ఈజిప్టు పండితుడు లైస్ ఇబ్నె సాద్ చేసిన పని చెబుతుంది. మక్కాలో అబూ జుబైర్ అనే ఉల్లేఖకుడు హజ్రత్ జాబిర్ (రజి) హదీసులున్న రెండు పుస్తకాలు ఆయనకు ఇచ్చాడు. లైస్ వాటిని తీసుకుని బయల్దేరారు. దారిలో అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి "ఇవన్నీ నువ్వు జాబిర్ నోట విన్నవేనా?" అని అడిగారు. కొన్ని విన్నాను, కొన్ని వేరేవాళ్లు చెప్పగా తెలుసుకున్నాను అన్నాడతను. "అయితే విన్నవాటికి గుర్తు పెట్టు" అన్నారు లైస్. అందుకే ఈనాటికీ జాబిర్ (రజి) నుంచి అబూ జుబైర్ 'అన్' అని చెప్పిన హదీసు లైస్ ద్వారా వస్తే పండితులు నిశ్చింతగా ఉంటారు.

బుఖారీకీ ఇమామ్ ముస్లింకీ (మరణం క్రీ.శ. 875) ఉన్న ప్రసిద్ధమైన తేడా కూడా ఇక్కడిదే. గురుశిష్యులు ఒక్కసారైనా కలిసినట్టు రుజువు కావాలన్నది బుఖారీ పద్ధతి. ఒకే కాలంవారై, కలిసే వీలుండి, శిష్యుడికి తద్లీస్ మచ్చ లేకపోతే చాలన్నది ముస్లిం వాదన. సహచరుల తర్వాతి తరంవారు మధ్యవ్యక్తిని వదిలేసి నేరుగా "ప్రవక్త (స) అన్నారు" అంటే దాన్ని ముర్సల్ అంటారు. ముహద్దిసుల్లో ఎక్కువమంది దాన్ని బలహీనం అంటారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్ ఫిఖ్హ్‌లో (ధర్మశాసనంలో) ఆధారంగా తీసుకునేవారు.

సంకల్పాల హదీసును చూడండి. హద్దసనా, హద్దసనా, హద్దసనా, అఖ్బరనీ (నాకు తెలిపారు), విన్నారు, విన్నాను, విన్నాను. ఎక్కడా సందు లేదు.

నాలుగో మెట్టు: మనిషినీ, అతని జ్ఞాపకశక్తినీ పరీక్షించడం

ఉల్లేఖకుడిలో చూసేవి రెండు. అదాలత్ అంటే ధర్మనిష్ఠ, సత్యసంధత. జబ్త్ అంటే విన్నదాన్ని విన్నట్టు మనసులోనో పుస్తకంలోనో కాపాడుకునే శక్తి. భక్తుడైనంత మాత్రాన చాలదు. ఎంతోమంది పుణ్యాత్ములను ముహద్దిసులు జ్ఞాపకశక్తి సరిగా లేదని పక్కన పెట్టారు. అలీ ఇబ్నె మదీనీ తన కన్నతండ్రినే జయీఫ్ అని ప్రకటించారు. సహచరుల అదాలత్‌ను మాత్రం సున్నీ పండితులు ప్రశ్నించరు. ఈ విషయంలో షియా పండితుల దారి వేరు: వారికి నజాషీ, తూసీ వంటివారి సొంత రిజాల్ (ఉల్లేఖకుల వివరాల) గ్రంథాలున్నాయి. సున్నీ కాని ఉల్లేఖకుడు విశ్వసనీయుడైతే అతని హదీసును 'ముఅస్సఖ్' అనే ప్రత్యేక తరగతిలో పెడతారు.

జ్ఞాపకశక్తిని ఎలా కొలిచేవారు? ఒక దృశ్యం చెబుతాను. అహ్మద్ ఇబ్నె హంబల్, యహ్యా ఇబ్నె మయీన్ తమ సహచరుడు రమాదీతో కలిసి యెమెన్ నుంచి తిరిగి వస్తూ కూఫాలో ఆగారు. అక్కడి పెద్ద పండితుడు అబూ నుఐమ్‌ను పరీక్షిస్తానన్నారు యహ్యా. వద్దు, ఆయన నమ్మదగినవారు అన్నారు అహ్మద్. యహ్యా వినలేదు. ఒక కాగితం మీద అబూ నుఐమ్ హదీసులు ముప్ఫై రాసి, ప్రతి పదింటికీ ఆయనది కాని హదీసు ఒకటి కలిపారు. అబూ నుఐమ్ బయటికొచ్చి మట్టి అరుగు మీద కూర్చున్నారు. మొదటి పదీ చదివితే మౌనంగా విన్నారు. పదకొండోది రాగానే "ఇది నాది కాదు, కొట్టేయ్" అన్నారు. రెండో విడతలోనూ అంతే. మూడోసారి ఆయన ముఖం మారిపోయింది. "ఇతను ఇలాంటి పని చేయనంత దైవభీతి ఉన్నవాడు" అని అహ్మద్‌ను చూపించి, "వీడికి అంత సత్తా లేదు" అని రమాదీని చూపించి, "ఇది నీ పనే" అంటూ యహ్యాను కాలితో తన్ని అరుగు మీద నుంచి పడేసి లోపలికి వెళ్లిపోయారు. నేను చెప్పలేదా అన్నారు అహ్మద్. "ఆ తన్ను నాకు ఈ ప్రయాణమంతటికన్నా ప్రియమైనది" అన్నారు యహ్యా. తన్నిన మనిషి సిఖా, అంటే పూర్తిగా నమ్మదగినవాడు అని అక్కడ తేలిపోయింది మరి.

ఇలాంటి పరిశీలనల ఫలితాలే రిజాల్ గ్రంథాలు. ఇక్కడ హైదరాబాద్ పేరు చెప్పుకోకుండా ముందుకు పోలేం. 1888లో అక్కడ ఏర్పడి, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ బుఖారీ 'అత్ తారీఖుల్ కబీర్', ఇబ్నె అబీ హాతిం 'అల్ జర్హ్ వత్ తాదీల్', ఇబ్నె హజర్ 'తహ్జీబుత్ తహ్జీబ్', 'లిసానుల్ మీజాన్' గ్రంథాలను రాతప్రతుల నుంచి పరిష్కరించి అచ్చువేసింది. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఒక్కో పేరునూ ప్రతులతో సరిచూశారు. అరబ్బు దేశాల విద్యార్థులు సైతం దశాబ్దాల పాటు ఈ శాస్త్రాన్ని హైదరాబాద్ ముద్రణల్లో చదువుకున్నారు. మన నేల మీద జరిగిన ఇంత పెద్ద సేవ మన తెలుగు పాఠకుల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇబ్నె హజర్ 'తఖ్రీబుత్ తహ్జీబ్' తెరవాలి. ఆరు గ్రంథాల ఉల్లేఖకులకు ఒక్కొక్కరికి ఒకటి రెండు వరుసల్లో తీర్పు ఉంటుంది. ఆయన వారిని 12 శ్రేణులుగా విభజించారు. పైన సహచరులు, తర్వాత సిఖా, ఆ కింద సదూఖ్ (నిజాయితీపరుడే గానీ అప్పుడప్పుడు పొరబడేవాడు), ఇంకా కింద జయీఫ్, మజ్‌హూల్ (ఎవరో తెలియనివాడు), మత్రూక్ (వదిలేయబడినవాడు), అట్టడుగున కజ్జాబ్, అంటే అబద్ధాలకోరు.

అయితే ఆ ఒక్క మాటతో ఆగిపోకూడదు. విమర్శకులందరి భాష ఒకటి కాదు. యహ్యా ఇబ్నె మయీన్ "ఫర్వాలేదు" అంటే ఆయన దృష్టిలో సిఖా అనే. బుఖారీ ఎవరినైనా "ఇతని గురించి ఆలోచించాలి" అన్నారంటే, వినడానికి మెత్తగా ఉన్నా అది చాలా తీవ్రమైన ఆక్షేపణ. పొగిడినవారు, తప్పుపట్టినవారు ఇద్దరూ ఉన్నప్పుడు కారణం చెప్పిన ఆక్షేపణకే విలువ. ఆ కారణం కూడా కారణంలా ఉండాలి. హదీసు విమర్శకుడు షుఅబా ఒక ఉల్లేఖకుడిని ఎందుకు వదిలేశారని అడిగితే, అతను గుర్రాన్ని అదిలిస్తూ పరుగెత్తించడం చూశానన్నారట. దాన్ని తర్వాతి పండితులు లెక్కచేయలేదు. సమకాలికుల మధ్య పంతాలతో వచ్చిన మాటలను కూడా పక్కన పెట్టాలన్నారు జహబీ (మరణం క్రీ.శ. 1348).

మనిషి ఒక్కడే అయినా అతని హదీసులన్నీ ఒకే స్థాయిలో ఉండకపోవచ్చు. అతా ఇబ్నె సాయిబ్ వృద్ధాప్యంలో మతిమరుపు పాలయ్యారు. అంతకుముందే విన్న షుఅబా, సుఫ్యాన్ సౌరీల ద్వారా వచ్చినవి మంచివి, తర్వాత విన్నవారివి కావు. ఈజిప్టు ఖాజీ ఇబ్నె లహీఆ పుస్తకాలు కాలిపోయాయి. ఆయన నుంచి అబ్దుల్లా ఇబ్నె ముబారక్, అబ్దుల్లా ఇబ్నె వహబ్ వంటివారు తీసుకున్నవి మిగతావాటికన్నా మెరుగు. "ఇతను సిఖానా?" అన్న ప్రశ్న ఇక్కడ చాలదు. ఎవరి ద్వారా, ఎప్పుడు, ఏ గురువు నుంచి అని కూడా అడగాలి.

ఐదో మెట్టు: మార్గాలన్నీ పోగుచేసి పోల్చడం

ఈ శాస్త్రానికి ప్రాణం ఇక్కడుంది. ఒక్క సనద్ తీసుకుని, అందులోని పేర్లన్నీ 'తఖ్రీబ్'లో చూసి, అందరూ సిఖాలే కాబట్టి సహీహ్ అనేయడం ఈ రోజుల్లో ఎక్కువగా కనిపిస్తున్న తప్పు. "ఒక విషయానికి మార్గాలన్నీ కూడబెట్టకపోతే అందులోని పొరపాటు బయటపడదు" అన్నారు అలీ ఇబ్నె మదీనీ. ఒకే గురువు దగ్గర పాఠం విన్న పదిమంది నోటుపుస్తకాలు ముందు పెట్టుకుంటే ఎవరు సరిగా రాశారో, ఎవరు జారారో పోలికలోనే తెలుస్తుంది. ముహద్దిసులు చేసింది ఇదే. ఉల్లేఖకుడికి సిఖా అన్న పేరు రావడం వెనుక కూడా చాలావరకు ఈ పోలికే ఉంది: అతని హదీసులను తోటి శిష్యుల హదీసులతో సరిచూస్తే ఎంతవరకు కలిశాయన్నదే అతని విలువ.

ఒక నమూనా చూద్దాం. అబూ ఖతన్, షబాబా అనే ఇద్దరు శిష్యులు షుఅబా నుంచి ఇలా ఉల్లేఖించారు: అబూ హురైరా (రజి) అన్నారు, ప్రవక్త (స) చెప్పారు, "వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) పూర్తిగా చేయండి, తడవని మడమలకు నరకాగ్ని గతి." సనద్ బాగుంది, అర్థమూ బాగుంది. కానీ బుఖారీ ఇదే హదీసును షుఅబా మరో శిష్యుడు ఆదం ద్వారా ఇచ్చారు. అందులో అబూ హురైరా (రజి) వుజూ చేసుకుంటున్న జనంతో ఇలా అంటారు: "వుజూ పూర్తిగా చేయండి. ఎందుకంటే అబుల్ ఖాసిం, అంటే ప్రవక్త (స), 'మడమలకు నరకాగ్ని గతి' అన్నారు." అంటే ఈ హదీసులో మొదటి వాక్యం అబూ హురైరాది, రెండోదే ప్రవక్తది (స). షుఅబా ఇతర శిష్యులు ఆదం పక్షానే ఉన్నారు. ఇద్దరు శిష్యులు రెండు మాటలనూ ఒకటిగా అతికించేశారు. ఇలా కలిసిపోయినదాన్ని ముద్రజ్ అంటారు. ఒక్క సనద్ చూసి కూర్చుంటే ఇది ఎప్పటికీ తెలియదు.

ఇంకోటి. జైద్ ఇబ్నె సాబిత్ (రజి) హదీసు ప్రకారం ప్రవక్త (స) మస్జిదులో చాపతో ఒక చిన్న మరుగు ఏర్పాటు చేసుకున్నారు. అరబీలో ఆ పదం 'ఇహ్తజర'. ఇబ్నె లహీఆ దాన్ని 'ఇహ్తజమ' అని ఉల్లేఖించారు. అంటే మస్జిదులో కొమ్ముతో రక్తం తీయించుకున్నారని! చివరి అక్షరం ఒక్కటి మారింది, కథే మారిపోయింది. ఇబ్నె లహీఆ దీన్ని గురువు నోట వినకుండా ఉత్తరంలో వచ్చిన రాత నుంచి తీసుకోవడమే కారణమని ఇమామ్ ముస్లిం 'అత్ తమ్‌యీజ్'లో ఎత్తిచూపారు. రాతను గురువు ముందు చదివి సరిచూసుకోవాలని ఆనాటివారు ఎందుకంత పట్టుబట్టారో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఈ పోలికలో బయటపడే లోపాలు రెండు రకాలు. నమ్మదగినవాడు తనకన్నా గట్టివాళ్లకు విరుద్ధంగా చెబితే షాజ్. పైకి కనిపించకుండా లోపల దాగిన లోపం ఇల్లత్. దీన్ని పట్టుకోవడం కొద్దిమందికే సాధ్యమైంది. దారఖుత్నీ (మరణం క్రీ.శ. 995) 'ఇలల్' గ్రంథం తెరిస్తే ఒక్కో హదీసు శిష్యుల మధ్య ఎన్ని పాయలుగా చీలిందో, ఏ పాయ సరైనదో కనిపిస్తుంది. అందుకే "దీని సనద్ సహీహ్" అన్న పండితుడు "ఈ హదీసు సహీహ్" అన్నట్టు కాదు. లోపల ఇల్లత్ ఉందో లేదో ఆయన ఇంకా చూడకపోయి ఉండవచ్చు.

పోలిక తప్పులను పట్టుకోవడమే కాదు, నిలకడను కూడా చూపిస్తుంది. అబూ హురైరా (రజి) శిష్యుడు హమ్మామ్ ఇబ్నె మునబ్బిహ్ రాసుకున్న 138 హదీసుల చిన్న పుస్తకం రాతప్రతులను హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాల్లో గుర్తించి ప్రచురించారు. హమ్మామ్ తర్వాత ఎంతో కాలానికి అహ్మద్ ఇబ్నె హంబల్ (మరణం క్రీ.శ. 855) 'ముస్నద్'లో చేర్చిన పాఠంతో పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు అతి స్వల్పం.

ఆరో మెట్టు: మాటను చూడటం

ముహద్దిసులు పేర్లే చూశారు, మాటను చూడలేదన్న అభిప్రాయం సరికాదు. ఖుర్ఆన్‌కో, స్థిరపడిన హదీసుకో, కళ్లెదుట కనిపించే వాస్తవానికో సర్దుబాటు కుదరని విధంగా విరుద్ధంగా ఉంటే, చిన్న పనికి కొండంత పుణ్యమో కొండంత శిక్షో చెబితే అనుమానించమన్నారు. ఇబ్నె ఖయ్యిమ్ 'అల్ మనారుల్ మునీఫ్'లో ఇలాంటి గుర్తులను వివరంగా చెప్పారు. అయితే మనకు రుచించలేదని తోసిపుచ్చడం ఈ పద్ధతి కాదు. వింతగా తోచిన మాటను చూస్తే ముహద్దిస్ వెనక్కి, సనద్ వైపు తిరిగి, లోపం ఎక్కడ దూరిందో వెతుకుతాడు.

లోపం మహా గ్రంథంలో కనిపించినా మొహమాటపడలేదు. నీడే లేని రోజున దేవుని నీడలో ఉండే ఏడుగురి హదీసులో, దానం చేసేవాడి "కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియదు" అన్నది సరైన పాఠం. బుఖారీలో అలాగే ఉంది. 'సహీహ్ ముస్లిం' పాఠంలో మాత్రం "ఎడమచేయి ఇచ్చింది కుడిచేతికి తెలియదు" అని తిరగబడింది. ఇచ్చే చేయి కుడిదే కాబట్టి ఇది మఖ్లూబ్, తారుమారైనది అని పండితులు నిస్సంకోచంగా రాశారు.

కల్పన వెనుక స్వార్థం కూడా చూడాలి. ఖలీఫా మహదీకి పావురాల పందేలంటే సరదా. "బాణం, ఒంటె, గుర్రం పందేలు తప్ప పందెం లేదు" అన్న హదీసును గియాస్ ఇబ్నె ఇబ్రాహీం ఆయన ఎదుట చదివి, చివర "లేదా రెక్క" అని కలిపాడు. మహదీ బహుమతి ఇచ్చి పంపాడు. తర్వాత ఇది ప్రవక్త (స) మీద అబద్ధమని గ్రహించి, దానికి కారణమైన పావురాలను కోయించేశాడు.

ఏడో మెట్టు: బలాబలాలు తూచి తీర్పు ఇవ్వడం

గొలుసు తెగకపోవడం, ఉల్లేఖకుల అదాలత్, పూర్తి జబ్త్, షాజ్ కాకపోవడం, ఇల్లత్ లేకపోవడం. ఇబ్నె సలాహ్ (మరణం క్రీ.శ. 1245) నిర్వచనంలో ఈ ఐదూ కుదిరితే సహీహ్. జబ్త్ కాస్త తగ్గి మిగతావి ఉంటే హసన్. ఏదైనా లోపిస్తే జయీఫ్. అబద్ధాలకోరు కల్పించినదైతే మౌజూ.

ఇక్కడ కొత్తవారు రెండు చోట్ల తడబడతారు. మొదటిది, ఒక్కరి ద్వారా వచ్చిందంటే బలహీనమనుకోవడం. సంకల్పాల హదీసును సహీహ్ మార్గంలో ప్రవక్త (స) నుంచి ఉమర్ (రజి) ఒక్కరే, ఆయన నుంచి అల్ఖమా ఒక్కరే, ఆయన నుంచి తైమీ ఒక్కరే, ఆయన నుంచి యహ్యా అన్సారీ ఒక్కరే తీసుకొచ్చారు. యహ్యా తర్వాతే మాలిక్, ఇద్దరు సుఫ్యాన్‌లు, హమ్మాద్ ఇబ్నె జైద్, అబ్దుల్లా ఇబ్నె ముబారక్ వంటి ఎందరో పంచుకున్నారు. నాలుగు తరాల పాటు ఒంటి దారం. దాన్ని గరీబ్ అంటారు. అయినా ఆ నలుగురూ ఎంతటివారంటే దాని ప్రామాణికత మీద పండితులు ఏకాభిప్రాయానికి వచ్చారు.

రెండోది, మార్గాలు ఎక్కువుంటే బలమనుకోవడం. జ్ఞాపకశక్తి లోపం వంటి తేలిక బలహీనత ఉన్న రెండు మూడు మార్గాలు ఒకదానికొకటి ఆసరాగా నిలిచి హసన్ స్థాయికి చేరవచ్చు. కానీ అబద్ధాలకోరులు, మత్రూక్‌లు పదిమంది కలిసినా బలం రాదు. ఒకరి దగ్గర ఒకరు కాజేసి ఉండవచ్చు. చైనా వాక్యం కథ ఇదే. దాని ప్రధాన మార్గం హసన్ ఇబ్నె అతియ్యా, అబూ ఆతికా నుంచి, ఆయన అనస్ (రజి) నుంచి. అబూ ఆతికాను బుఖారీ 'మున్‌కరుల్ హదీస్' అన్నారు. ఆయన వాడుకలో ఆ మాట పడినవారి నుంచి హదీసు తీసుకోకూడదు. మిగతా మార్గాల్లో ఒకదాంట్లో జువైబారీ ఉన్నాడు, హదీసులు కల్పించడంలో పేరుమోసినవాడు. ఈ పేర్లన్నీ కలిపినా ఆ వాక్యం నిలబడదు.

ఎనిమిదో మెట్టు: ఫలితాన్ని రాయడం

తీర్పును ఎప్పుడూ తీర్పరి పేరుతో రాయండి. ఒకే హదీసును అల్బానీ (మరణం 1999) హసన్ అని, షుఐబ్ అర్నావూత్ (మరణం 2016) జయీఫ్ అని అనే సందర్భాలు ఉంటాయి. యాప్‌లో కనిపించే ఒక్క పదం ఎవరిదో తెలియకుండా వాడకూడదు. జయీఫ్ అయితే "ప్రవక్త (స) అన్నారు" అని ఖాయంగా చెప్పకూడదని, "అన్నట్టు ఉల్లేఖన ఉంది" అనే ధోరణిలో చెప్పాలని ఇమామ్ నవవీ హెచ్చరించారు. సత్కార్యాల ప్రోత్సాహానికి జయీఫ్‌ను వాడాలంటే ఇబ్నె హజర్ మూడు షరతులు పెట్టారు: బలహీనత తీవ్రంగా ఉండకూడదు, స్థిరపడిన ఏదో ఒక సూత్రం కిందికి రావాలి, ప్రవక్త (స) తప్పక అన్నారనే నమ్మకంతో ఆచరించకూడదు. మౌజూను కల్పితమని చెప్పకుండా ఎత్తనే కూడదు.

మన రెండు ఉదాహరణల ఫలితాలు ఇలా రాసుకోవచ్చు.

"కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయి": ఉమర్ ఇబ్నె ఖత్తాబ్ (రజి) ఉల్లేఖన. బుఖారీ 1, ముస్లిం 1907. యహ్యా అన్సారీ వరకు గరీబ్, ఆయన తర్వాత ప్రసిద్ధం. సహీహ్, ఏకాభిప్రాయం.

"చైనాకు వెళ్లవలసి వచ్చినా సరే, విద్య నేర్చుకోండి, విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి": అనస్ (రజి) పేరుతో, అబూ ఆతికా మార్గం. ఇబ్నె అదీ 'అల్ కామిల్', బైహఖీ 'షుఅబుల్ ఈమాన్'. బైహఖీ: మాట ప్రసిద్ధం, సనద్ బలహీనం. ఇబ్నె హిబ్బాన్: నిరాధారం. ఇబ్నె జౌజీ: కల్పితం. అయితే రెండో సగానికి విడిగా వేరే మార్గాలున్నాయి. ఇబ్నె మాజా (224) దాన్ని నమోదు చేశారు. ఆ మార్గాలన్నీ కలిపి హసన్ స్థాయికి చేరతాయని మిజ్జీ అభిప్రాయం. కాబట్టి చైనా ప్రస్తావన వదిలేసి, రెండో సగాన్ని ఆ వివరంతో చెప్పవచ్చు.